నెలసరి కప్పు: ఎంపిక, వాడుక, సంరక్షణ



ఛందస్సును, అలంకారములను, శతకములను గూర్చి మన పత్రికలోని తెలుగు పుటలలో చదువుట మీకు అలవాటు. ఈ వ్యాసము పేరు చూడగానే కొంత వింతగా తోచవచ్చును. ఆరోగ్యశాస్త్ర విషయమును భాషోపాధ్యాయులు చెప్పనేల యని కొందరు అడుగవచ్చును. దానికి కారణము కలదు. ఈ వస్తువును కొన్నపుడు పెట్టెలో ఒక సూచనల కాగితము వచ్చును. అది తరచుగా ఆంగ్లమున నుండును. ఒక్కొక్కప్పుడు హిందీలోనో, కన్నడములోనో యుండును. మన సరిహద్దు గ్రామములలో అనేకులైన తల్లులు ఇంట తెలుగే మాటాడుదురు. చదువనేర్చినచో తెలుగే చదువుదురు. కూతురు తెచ్చిన కాగితము తల్లికి అర్థము కాదు. తల్లి అడిగిన ప్రశ్నకు తగిన తెలుగు మాట కూతురికి దొరకదు. తన శరీరమును గూర్చిన జ్ఞానము తన భాషలో లభింపనపుడు ఆ చోటును భయమును, పుకారును వచ్చి ఆక్రమించును. ఆ కొరతను కొంతయైనను తీర్చుటకే ఈ పాఠము.

ముందుగా మాటలు

ప్రతి స్త్రీకి నెలనెలా జరుగు ఈ ధర్మమునకు మన భాషలో పేరులు అనేకములు. మన ప్రాంతమున "ముట్టు" అందురు. మన పొరుగువారైన కన్నడిగులును "ముట్టు" అనియే అందురు. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఆంధ్రదేశమున "బహిష్టు" అనియు, "నెలసరి" అనియు వినుచుంటిని. ఇంటిలోని పెద్దలు "మైల" అనియు, "దూరముగా నున్నది" అనియు చాటుగా చెప్పుదురు. ఈ మాటలను కొంచెము పరిశీలింపుడు. "బహిష్టు" అనగా వెలుపల నుండునది. "ముట్టు" అను మాటలో తాకుడు అను అర్థము వినబడును. "మైల" అనగా మాలిన్యము. వీనిలో చాలవరకు శరీరమున జరుగుదానిని తెలుపక లోకము విధించిన కట్టుబాటును మాత్రమే తెలుపుచున్నవి. "నెలసరి" యను మాటలో అట్టి నింద లేదు; నెలకొకసారి వచ్చునని మాత్రమే దాని భావము. కావున ఈ పాఠమున ఆ మాటనే వాడుదుము.

శరీర నిర్మాణము

గర్భాశయము పొత్తికడుపులో నుండు కండరపు సంచి. నెలనెలా దాని లోపలి పొర మందమగును. గర్భము నిలువనపుడు ఆ పొర విడివడి, కొంత రక్తముతో కూడి వెలుపలికి వచ్చును. ఇదియే నెలసరి స్రావము. సాధారణముగా ఇది రెండు దినములు మొదలు ఏడు దినముల వరకు ఉండును. చూచుటకు ఎక్కువగా తోచినను, ఒక నెలసరిలో పోవు రక్తము సగటున 30 నుండి 40 మిల్లీలీటర్లు మాత్రమే. 80 మిల్లీలీటర్లు మించినచో దానిని అధిక స్రావముగా వైద్యులు ఎంచుదురు.

గర్భాశయపు అడుగు కొనను గర్భాశయ ముఖద్వారమందురు. అచ్చటి నుండి వెలుపలి వరకు గల కండరపు మార్గము యోని. ఇది సాగునట్టి మార్గము. మూత్రము వచ్చు ద్వారము వేరు, ఇది వేరు. ఈ భేదము తెలియక పోవుట వలననే అనేక భయములు పుట్టినవి. యోని మార్గమునకు పైకొనలో ముఖద్వారము అడ్డుగా నున్నది. దాని రంధ్రము మిక్కిలి సన్నము. అందుచే యోనిలో ఉంచిన కప్పు కడుపులోనికి పోవుట అసాధ్యము.

కప్పు అననేమి?

నెలసరి కప్పు చిన్న గంట ఆకారము గల మెత్తని పాత్ర. తలక్రిందులైన గంటవలె దీని నోరు పైకి నుండును. అడుగున పట్టుకొనుటకు చిన్న తోక ఉండును. దీనిని మడిచి యోనిలో ఉంచినచో లోపల విచ్చుకొని, గోడలకు ఆని నిలుచును. గుడ్డయు, ప్యాడును స్రావమును పీల్చుకొనును. కప్పు పీల్చుకొనదు, పట్టి యుంచును. నిండిన పిమ్మట తీసి, పారబోసి, కడిగి మరల ఉంచుకొనవచ్చును. కప్పు పట్టు పరిమాణము దాని కొలతను బట్టి సుమారు 15 మొదలు 30 మిల్లీలీటర్ల వరకు ఉండును.

ఇది నిన్న మొన్నటి వస్తువు కాదు. అమెరికా దేశమున లియోనా చామర్స్ అను నటీమణి 1937 లో రబ్బరుతో చేసిన కప్పునకు పేటెంటు హక్కు పొందెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున రబ్బరు కరవై ఆ ప్రయత్నము సన్నగిల్లెను. తరువాత కాలమున వైద్యమునకు వాడదగిన సిలికోను అను మెత్తని పదార్థముతో కప్పులు చేయుట ఆరంభమయ్యెను. నేడు అంగడిలో దొరకునవి అధికముగా అట్టివే. సిలికోను వేడి నీటికి చెడదు, రబ్బరు పడనివారికిని పడును.

మన దేశమున కేరళ రాష్ట్రమునందలి ఆలప్పుళ పట్టణమున 2019 లో "తింగళ్" అను పేరుతో 5,000 కప్పులు పంచబడినవి. ఆ పేరును గమనింపుడు. మలయాళమున తింగళ్ అనగా చంద్రుడు. కన్నడమున తింగళు అనగా మాసము. మన తెలుగున "నెల" యను ఒక్క మాటకే చంద్రుడనియు, మాసమనియు రెండర్థములును కలవు. 2022 జనవరిలో అదే రాష్ట్రమున కుంబళంగి యను గ్రామము ప్యాడులు వాడని గ్రామముగా ప్రకటింపబడెను. 2023 లో కర్ణాటక ప్రభుత్వము దక్షిణ కన్నడ, చామరాజనగర జిల్లాలలో విద్యార్థినులకు కప్పులను ఉచితముగా పంచు ప్రయోగమును "శుచి" పథకము క్రింద ఆరంభించెను. కావున నేడో రేపో ఈ వస్తువు మీ చేతికిని రావచ్చును.

ఎంపిక

కప్పు కొనునపుడు నాలుగు విషయములు చూడవలెను.

మొదటిది పదార్థము. వైద్య శ్రేణి సిలికోనుతో చేసినదని పెట్టెపై వ్రాసి యుండవలెను. తయారుచేసినవారి పేరు, చిరునామా లేని చవుక సరకును కొనరాదు. ముక్కుకు ఘాటైన వాసన తగులు దానిని విడిచిపెట్టవలెను.

రెండవది కొలత. సాధారణముగా చిన్న, నడిమి, పెద్ద యను మూడు కొలతలుండును. బాలికలకును, కాన్పు కాని యువతులకును చిన్నది తగును. సహజమైన కాన్పు అయినవారికి, ముప్పది యేండ్లు దాటినవారికి పెద్దది తగునని తయారీదారులు సూచింతురు. స్రావము అధికమా, స్వల్పమా యనుటయు గమనింపదగినదే.

మూడవది మెత్తదనము. మిక్కిలి మెత్తనిది లోపల సరిగా విచ్చుకొనకపోవచ్చును. మిక్కిలి గట్టిది మూత్రాశయమును ఒత్తవచ్చును. క్రొత్తగా నేర్చుకొనువారికి నడితరముది మేలు.

నాలుగవది పొడవు. కొందరికి గర్భాశయ ముఖద్వారము క్రిందుగా నుండును, కొందరికి మీదుగా నుండును. క్రిందుగా నున్నవారికి పొట్టి కప్పు సుఖము. తోక గుచ్చుకొనినచో దానిని కొంచెము కత్తిరింపవచ్చును. కాని కప్పును తీసిన పిదపనే కత్తిరింపవలెను, పాత్ర భాగమునకు గాటు పడనీయరాదు.

ఒకరి కప్పును మరియొకరు వాడరాదు. అక్కాచెల్లెండ్రైనను, తల్లీకూతుండ్రైనను ఎవరి కప్పు వారిదే.

వాడుక

క్రొత్త కప్పును మొదటి సారి వాడుటకు ముందు మునుగునంత నీటిలో వేసి, నీరు తెర్లిన పిమ్మట ఐదు నిమిషములు కాగనీయవలెను. చల్లారిన పిదప చేతులను సబ్బుతో చక్కగా కడుగుకొని దానిని తాకవలెను. గోళ్ళు కత్తిరించుకొని యుండుట మంచిది.

మడుచుటకు రెండు పద్ధతులు సులభములు. కప్పు నోటిని రెండు ప్రక్కల నుండి నొక్కి చదునుచేసి, దానిని మరల సగమునకు మడిచినచో అర్ధచంద్రాకారము వచ్చును. ఇది మొదటి పద్ధతి. అంచును ఒకచోట చూపుడువ్రేలితో పాత్రలోనికి అదిమినచో నోరు సన్నబడి మొగ్గవలె నగును. ఇది రెండవది, క్రొత్తవారికి ఇదియే తేలిక.

గొంతుకూర్చుండియో, ఒక కాలు పీటపై పెట్టి నిలుచుండియో, శరీరమును సడలించి, మడిచిన కప్పును మెల్లగా లోనికి ఉంచవలెను. నిటారుగా పైకి గాక, నడుము వెనుక ఎముక వైపునకు వాలుగా ఉంచవలెను. అంచును నీటితో తడిపినచో జారుట సులభము. నూనె, వాసలీను పూయరాదు. లోపలికి పోయిన పిదప మడత విడిచినచో కప్పు విచ్చుకొనును. వ్రేలితో అడుగు భాగము చుట్టును తడిమి చూచినచో గుండ్రముగా తోచవలెను. గుంట యున్నట్లు తోచినచో అడుగును పట్టి కొంచెము త్రిప్పవలెను. సరిగా కుదిరిన కప్పు ఉన్నట్లే తెలియదు. నొప్పి యున్నదనిన సరిగా కుదరలేదని అర్థము. తీసి మరల ఉంచవలెను. భయపడినపుడు కండరములు బిగుసుకొనును. అప్పుడు బలవంతము చేయరాదు. ఆ దినమునకు మాని వేరొక దినమున ప్రయత్నింపవలెను.

కప్పును 12 గంటలకు మించి లోపల ఉంచరాదు. స్రావము అధికముగా నున్న దినములలో నాలుగైదు గంటలకే తీయవలసి రావచ్చును. ఉదయము ఎనిమిది గంటలకు ఇంట ఉంచుకొని బయలుదేరిన బాలిక సాయంకాలము ఐదింటికి ఇల్లు చేరునప్పటికి తొమ్మిది గంటలే గడచును. స్రావము మితముగా నున్నవారికి పాఠశాలలో మార్చుకొను పనియే యుండదు. నీరు లేని మరుగుదొడ్డి, గడియ పడని తలుపు ఉన్నచోట ఇది ఎంత మేలో బాలికలకు వేరుగా చెప్పనక్కర లేదు. నెలకు రెండు మూడు దినములు బడి మానుచున్న బాలిక ఏడాదికి ఎన్ని పాఠములు కోలుపోవునో మీరే లెక్క వేసికొనుడు.

తీయునపుడు జాగ్రత్త ముఖ్యము. తోకను పట్టి గుంజరాదు. చేతులు కడుగుకొని, గొంతుకూర్చుండి, మెల్లగా ముక్కినచో కప్పు క్రిందికి దిగును. అప్పుడు పాత్ర అడుగును రెండు వ్రేళ్ళతో నొక్కవలెను. నొక్కగానే లోనికి గాలి పోయి పట్టు విడుచును. పిమ్మట కొంచెము ప్రక్కకు వంచుచు, ఒలికిపోకుండ నిలువుగా తీయవలెను. మరుగుదొడ్డిలో పారబోసి, మంచినీటితో కడిగి మరల ఉంచుకొనవలెను.

మొదటి రెండు మూడు నెలలు గుడ్డయో, ప్యాడో తోడుగా వాడుట మంచిది. సెలవు దినమున ఇంట అభ్యసించి, చేయి తిరిగిన పిదపనే బడికి వాడవలెను. చదువునందు గాని సైకిలు తొక్కుటయందు గాని మొదటి దినముననే నేర్పు కలుగదు గదా!

సంరక్షణ

నెలసరి నడుచుచున్న దినములలో కప్పును తీసిన ప్రతిసారి నీటితో కడుగవలెను. సబ్బు వాడినచో వాసన లేనిదియు, ఘాటు లేనిదియు వాడి, జిడ్డు నిలువకుండ కడిగివేయవలెను. డెట్టాలు, బ్లీచింగు, గిన్నెలు తోము పొడి వాడరాదు. అవి సిలికోనును చెరచును, చర్మమును మండించును. అంచు క్రింద గాలికై విడిచిన సన్నని రంధ్రములుండును. కప్పును నీటితో నింపి, నోటిని అరచేతితో మూసి నొక్కినచో ఆ రంధ్రముల గుండ నీరు చిమ్మి శుభ్రపడును.

నెలసరి ముగిసిన పిదప ఒకసారి, మరల వచ్చు నెల ఆరంభమున ఒకసారి, నీటిలో ఐదు నిమిషములు కాచవలెను. దీనికై ఒక చిన్న గిన్నెను వేరుగా ఉంచుకొనవలెను. కప్పు గిన్నె అడుగునకు అంటుకొని మాడకుండ నీరు సమృద్ధిగా పోసి, దగ్గరనే నిలుచుండవలెను. మన ప్రాంతపు బోరు నీరు ఉప్పునీరు. కాచినపుడు కప్పుపై తెల్లని పొర పట్టవచ్చును. దానిని మెత్తని బ్రష్షుతో రుద్ది తొలగింపవలెను.

ఆరిన పిదప నూలుగుడ్డ సంచిలో ఉంచవలెను. గాలి చొరని ప్లాస్టికు డబ్బాలో మూసిపెట్టరాదు. ఎలుకలకును, పసిపిల్లలకును అందనిచోట పెట్టవలెను. కాలక్రమమున రంగు మారుట సహజము. చిరిగినను, పగిలినను, జిగురుగా మారినను వాడుట మానవలెను. చక్కగా కాపాడినచో కప్పు పదేండ్ల వరకు పనిచేయును.

ఒక లెక్క

నెలకు 20 ప్యాడులు వాడునట్లును, ఒక్కొక్కటి 6 రూపాయలైనట్లును అనుకొందము. ఏడాదికి 240 ప్యాడులు, 1,440 రూపాయలు. పదేండ్లకు 2,400 ప్యాడులు, 14,400 రూపాయలు. కప్పు వెల 400 రూపాయలనుకొన్నచో నాలుగు నెలలు నిండక మునుపే దాని వెల తిరిగి వచ్చును. కూలిపని చేయు కుటుంబమునకు ఇది చిన్న లెక్క కాదు. అంగడి ప్యాడులలో చాలవాటి యందు ప్లాస్టికు కలదు. ఆ 2,400 ప్యాడులును ఏ దిబ్బలోనో, ఏ చెరువు గట్టుననో ఏండ్ల తరబడి కరగక నిలుచును. మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికులు వానిని చేతులతో ఏరవలసి వచ్చుచున్నదని మరువరాదు.

మేలు ఎంత? కీడు ఎంత?

2019 లో "లాన్సెట్ పబ్లిక్ హెల్త్" అను వైద్య పత్రికలో 43 అధ్యయనములను, 3,319 మంది అనుభవమును సమీక్షించిన వ్యాసము వెలువడెను. కప్పులు సురక్షితములనియు, కారుట విషయమున ఇతర సాధనములకు సమానమో, మేలో యనియు అందు తేలెను. వాడుక తెలిసినవారిలో నూటికి సుమారు డెబ్బది మంది దానినే వాడుదుమనిరి. మిగిలిన ముప్పది మందికి అది నచ్చలేదనియే గదా దీని అర్థము! కావున కప్పు అందరికిని తప్పనిసరి కాదు.

కొందరు వైద్యుని అడుగకుండ వాడరాదు: గర్భాశయమున కాపర్-టి వేయించుకొన్నవారు, కాన్పు అయి దినములు గడవనివారు, యోనిలో పుండు, దురద, దుర్వాసన గలవారు, గర్భాశయము జారినవారు. ఎక్కువ గంటలు లోపల మరచిన వస్తువు వలన అరుదుగా విషజ్వరము కలుగవచ్చును. హఠాత్తుగా తీవ్రజ్వరము, వాంతులు, విరేచనములు, తల తిరుగుట, ఒడలెల్ల ఎర్రదద్దులు కనబడినచో వెంటనే కప్పును తీసివేసి ఆసుపత్రికి పోవలెను.

కప్పు వలన మరియొక ప్రయోజనము కలదు. కొన్ని కప్పులపై మిల్లీలీటర్ల గీతలుండును. ఎంత రక్తము పోవుచున్నదో లెక్క తెలియును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనులు. కప్పు రెండేసి గంటలకే నిండుచున్నను, స్రావము ఏడు దినములు దాటుచున్నను "ఆడదానికి ఇది మామూలే" యని ఊరకుండక వైద్యునికి చూపవలెను.

కన్నెపొరను గూర్చి

తల్లులు పైకి అడుగక మనసులో దాచుకొను ప్రశ్న యొకటి కలదు. కప్పు వాడినచో కన్నెపొర చెడునా? దాచక చెప్పుట మేలు. కన్నెపొర యోని ద్వారమును మూసిన మూత కాదు. దాని నడుమ దారి లేనిచో నెలసరి స్రావమే వెలుపలికి రాజాలదు. అది కొందరికి పుట్టుకతోనే స్వల్పముగా నుండును; కొందరికి ఆటలలో సాగును. కప్పు వలనను సాగవచ్చును, చిరుగవచ్చును. కాని అది శీలమును కొలుచు కొలబద్ద కాదు. దానిని చూచి ఏ వైద్యుడును బాలిక నడవడిని చెప్పజాలడు. ఇంత తెలిసిన పిదపను ఇంటిలో సమ్మతి కుదరనిచో, బాలికకు తనకే ఇష్టము లేకున్నను, కప్పు వాడనక్కర లేదు. అదే సర్వేలో 15 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో సుమారు సగము మంది గుడ్డ వాడుచున్నట్లు తేలెను. శుభ్రముగా ఉతికి, నేరుగా ఎండలో ఆరవేసిన నూలుగుడ్డ మంచి సాధనమే. చీకటి మూలను, మరియొక బట్ట క్రింద దాచి ఆరవేసిన గుడ్డయే రోగమునకు మూలము. హాని చేయునది గుడ్డ కాదు, దానిని దాచు సిగ్గు.

బాలురకు ఒక మాట

ఈ పుటను త్రిప్పివేయక చదివిన బాలురను మెచ్చుకొనుచున్నాను. మీ అక్కయో, చెల్లెలో, రేపు మీ భార్యయో, కూతురో ఈ దినములను గడపువారే. ఎగతాళి చేయని తోబుట్టువు, అడిగినపుడు అంగడికి పోయి తెచ్చు అన్న, గిన్నె కాచుటకు పొయ్యి విడిచి ఇచ్చు తండ్రి ఉన్న ఇంట సగము కష్టము తీరినట్లే.

బాలికలారా! ఈ పత్రికను ఇంటికి తీసికొనిపొండు. అమ్మకు, అవ్వకు చదివి వినిపింపుడు. వారు అడుగు ప్రశ్నలకు ఇందు బదులు దొరకనిచో ఆరోగ్య కేంద్రమునందలి నర్సమ్మను గాని ఆశా కార్యకర్తను గాని తెలుగులోనే అడుగుడు. ఏ సాధనము ఎన్నుకొన్నను తెలిసి ఎన్నుకొనుడు.

అభ్యాసము

1. "నెలసరి", "బహిష్టు", "మైల" అను మాటల అర్థభేదమును వ్రాయుము.
2. కప్పు కడుపులోనికి పోజాలదనుటకు కారణమేమి?
3. కప్పును తీయునపుడు తోకను గుంజక అడుగును నొక్కవలెననుట ఎందులకు?
4. మీ యింట ఏడాదికి నెలసరి సాధనములకగు వ్యయమును లెక్కించి, పై లెక్కతో పోల్చుము.
5. ఈ పాఠమునందలి సంరక్షణ నియమములను మీ అవ్వకు అర్థమగునట్లు పది వాక్యములలో వాడుక భాషలో వ్రాయుము.